ఆదివారం సాయంత్రం నిర్ణయం ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

ప్రయోగశాల జంతువుల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. అసలు ప్రయోగాలే వద్దని కొందరు, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నాక ఇంకా అడగడానికేముందని కొందరు రాశారు. ప్రయోగాల జంతువులను ఉంచే యానిమల్ హౌస్‌లో రోజూ పనిచేసే మాలాంటివాళ్ల మాట మాత్రం ఎక్కడా కనపడలేదు. చిట్టెలుకలను చూసుకోవడమే నా ఉద్యోగం కాబట్టి రాస్తున్నాను.

కమిటీ ముందుకు వచ్చేది కాగితం. ఎన్ని జంతువులు, ఏ మందు, నొప్పికి ఏమిస్తారు, చివరికి ఎలా చంపుతారు అన్నీ అందులో ఉంటాయి, ఉండాలి కూడా. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలే ఇప్పటికీ చాలా దేశాల నిబంధనలకు పునాది: వీలైతే జంతువు లేకుండానే పని కానివ్వాలి, తప్పనిసరైతే తక్కువ జంతువులతో చేయాలి, వాటి బాధ తగ్గించాలి. మొదటి రెండూ చాలావరకు కాగితం మీదే తేలిపోతాయి. (తక్కువ అంటే మరీ తక్కువ కాదండోయ్. ఫలితమే తేలనంత తక్కువ జంతువులతో చేస్తే, వాడినవన్నీ వృథాగా పోయినట్టే.) మూడోది మాత్రం పంజరం దగ్గర, మా చేతుల్లో ఉంటుంది.

చేతుల్లో అని ఊరికే అనలేదు. చిట్టెలుకను తోక పట్టి ఎత్తడమే మాలో చాలామంది నేర్చుకున్న పద్ధతి. 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. తోక పట్టి ఎత్తినవి మనిషి చేతికి దూరంగా తప్పుకున్నాయి, బెదురు ఎక్కువ చూపించాయి. గొట్టంలోకి ఎక్కించుకుని ఎత్తినవి, దోసిట్లోకి తీసుకున్నవి వాటికంటే నిమ్మళంగా ఉన్నాయి. గొట్టం ముందు పెట్టి, వెనక నుంచి చెయ్యి నెమ్మదిగా అడ్డం పెడితే ఎలుక తనంతట తనే లోపలికి దూరుతుంది. మొదట్లో టైమ్ దండగ అనిపిస్తుంది, చెయ్యి అలవాటు పడ్డాక పెద్ద తేడా ఉండదు. జాలి సంగతి అలా ఉంచండి. బెదిరిపోయిన ఎలుక నుంచి వచ్చిన లెక్కల్లో మందు చేసిందెంత, బెదురు చేసిందెంత అని విడదీసేదెవరు? 2014లో వచ్చిన మరో అధ్యయనమైతే, దగ్గర్లో మగమనిషి ఉన్నా, చివరికి అతను వేసుకున్న టీషర్ట్ ఉన్నా ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పికి స్పందన తగ్గిందని చెప్పింది. మా దగ్గర పనిచేసే మగవాళ్లు ఇది ఇప్పటికీ నమ్మరు!

నా అసలు బాధ వేరే ఉంది. జంతువు బాధ ఒక హద్దు దాటితే, ప్రయోగం పూర్తికాకపోయినా దానికి నొప్పి లేకుండా ముగింపు ఇవ్వాలి. దాన్ని హ్యూమేన్ ఎండ్‌పాయింట్ అంటాం. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఎలుకల ఒంట్లో పెరిగే ట్యూమర్ (గడ్డ) మీద ప్రయోగం ఒకటి నడిచేది. బరువు 20 శాతం తగ్గితే ఆపాలని రాసుకున్నారు. ఒక ఆదివారం సాయంత్రం ఒక ఎలుక మూలన ముడుచుకుని కూర్చుంది. బొచ్చు నిక్కబొడుచుకుంది, కళ్లు సగం మూసుకుపోయాయి, చెవులు వెనక్కి వెళ్లాయి. గూడు కట్టుకోవడానికి వేసిన కాగితం ముక్కలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కళ్లు, ముక్కు, బుగ్గలు, చెవులు, మీసాలు చూసి నొప్పికి మార్కులు వేసే పద్ధతి 2010 నుంచీ ఉంది. ఆ లెక్కన దాని నొప్పి తక్కువేం కాదు. త్రాసు మాత్రం 20 శాతం చూపించలేదు. ఎలా చూపిస్తుంది? ఒళ్లు చిక్కుతున్నా గడ్డ బరువు పెరుగుతోంది కదా.

శాస్త్రవేత్తకు ఫోన్ చేశాను. "ఇంకా హద్దు దాటలేదుగా, రేపు పొద్దున ఎలాగూ శాంపిల్స్ తీస్తాం, ఉంచేయండి" అన్నారు. వెటర్నరీ డాక్టర్ సెలవులో ఉన్నారు. ఆయన లేనప్పుడు ఎవరిని అడగాలో ఎక్కడా రాసి లేదు. తెల్లారేసరికి ఎలుక చచ్చిపోయింది, శాంపిల్స్ కూడా పనికిరాలేదు. రిజిస్టర్‌లో "మృతి" అని ఒక్క ముక్క రాశాం. కమిటీకి వెళ్లింది ఆ ముక్కే.

కొత్త చట్టాలేవీ అడగడం లేదు. హద్దును ఒక్క బరువు అంకెతో సరిపెట్టకుండా కంటికి కనపడే లక్షణాలతో కూడా రాయండి. శాస్త్రవేత్త కాదన్నా ఆపే అధికారం వెటర్నరీ డాక్టర్‌కు ఉండాలి, సెలవు రోజున ఆ అధికారం ఎవరికి వెళ్తుందో పేరు, ఫోన్ నంబరుతో సహా గది తలుపు మీద ఉండాలి. మేం రోజూ రాసే నోట్సును కమిటీ మీటింగులో ఎవరైనా చదవాలి. యూరోపియన్ యూనియన్ 2010లో తెచ్చిన ఆదేశం ప్రకారం ప్రతి సంస్థలో జంతు సంక్షేమ బృందం ఉండాలి, జంతువుల బాగోగులకు బాధ్యులైనవాళ్లు అందులో తప్పనిసరిగా ఉండాలి. అక్కడ నిబంధనే అయినప్పుడు మిగతా చోట్ల కమిటీలో మాకొక కుర్చీ వేయడానికి ఇబ్బందేమిటో తెలియదు.

అనుమతి ఉంది కదా అని మీకు ఉత్తరాలు రాస్తున్న శాస్త్రవేత్తలు తమ ప్రోటోకాల్ (కమిటీకి ఇచ్చిన ప్రయోగ ప్రణాళిక) ఒకసారి తీసి, ఆదివారం సాయంత్రం నిర్ణయం ఎవరిదని అందులో రాసుందో చూసుకుని, ఆ జవాబు కూడా మీ పత్రికకే రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక యానిమల్ హౌస్ టెక్నీషియన్