తాడు కట్టుకునే ఎక్కుతున్నావా?

చి. సౌ. చిట్టికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పెరట్లో పనస ఈసారి విరగ్గాసింది, పంచిపెట్టలేక చస్తున్నాం. మొన్న పెద్దత్తయ్య వాళ్ళ బుజ్జి ఫోన్ చేసి, "మావయ్యా, చిట్టి ఇంటి కప్పు తనే వేసుకుంటోందట, ఫోటో చూశాను" అన్నాడు. నువ్వే చెబుతావులే అని నేనేమీ అడగలేదు. ఆదివారాలు ఫోన్ రాకపోతే పనిలో ఉన్నారని అమ్మకి చెబుతున్నాను. ఆ పని ఎంత ఎత్తులోదో మాత్రం చెప్పలేదు.

అమెరికాలో ఆ రాలీ ఊరి అవతల స్థలం కొని, ఇల్లు మేమే కట్టుకుంటాం అన్నప్పుడు నేను సంతోషించిన మాట నీకు తెలుసు. గోడలంటే నేల మీద నిలబడి చేసే పని. కప్పు సంగతి వేరు.

షింగిల్స్ వేయడం వీడియోల్లో చూశాను. చాలావరకు మన పెంకుల పద్ధతే. చూరు దగ్గర మొదలుపెట్టి వరస మీద వరస కొప్పు దాకా వెళ్ళాలి, పై వరస కింది వరసని కప్పాలి. కాకపోతే మంగుళూరు పెంకు తన బరువుతో రీపరుని పట్టుకుని కూర్చుంటుంది. మీది తారు పట్టించిన పల్చటి పలక, దానికి మేకే ఆధారం. మామూలుగా ఒక్కోదానికి నాలుగు మేకులు, గాలులెక్కువున్న చోట ఆరు. మీది తుఫాన్లు తగిలే రాష్ట్రం, ఆరే కొట్టండి. మేకు షింగిల్ మీద గీసి ఉన్న గీత మీదే పడాలి, తల షింగిల్‌తో సమంగా ఆగాలి. నెయిల్ గన్‌లో గాలి ఒత్తిడి ఎక్కువైతే తల లోపలికి కోసుకుపోతుంది, ఆ మేకు ఉన్నా లేనట్టే. షింగిల్స్ కట్ట ఒక్కోటి ముప్పై కిలోల పైమాటట. భుజానేసుకుని నిచ్చెన ఎక్కొద్దు. లారీవాళ్ళే కప్పు మీద దింపుతారట, డబ్బెక్కువైనా అలాగే తెప్పించుకోండి.

అంచులు జాగ్రత్త. 1996 నవంబరు 6, తుఫాను రాత్రి నీకు గుర్తుండదు, అమ్మ ఒళ్ళో ఉన్నావు. ముందు పడమటి వసారా చూరున ఒక్క పెంకు లేచింది. ఆ సందులోంచి గాలి దూరి వరసంతా కిందనుంచి ఎత్తేసింది. నడికప్పు చెక్కుచెదరలేదు, పోయినవన్నీ అంచులే. తెల్లారేసరికి కొబ్బరితోట నేలమట్టం. ఆ తరవాత పెంకులు సర్దే మనిషి దొరికితే ఒట్టు. ఎట్టకేలకు సూరన్న వచ్చాడు. ఊళ్ళో సగం ఇళ్ళ కప్పులు ఆయన చేతిమీద వేసినవే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కొప్పు మీద అటూ ఇటూ నడిచాడు, ఏమీ కాలేదు. పని ముగించి, సంచీలో సుత్తి వేసుకుని చూరు దాకా దిగాడు. కింద నిచ్చెన పట్టుకుని నేనున్నాను. ఆయన నిచ్చెన కోసం కాలు చాచాడు, రెండో కాలి కింద పాచి పట్టిన తడి పెంకు. నేను అరిచేలోపే అరుగు మీద ఉన్నాడు. మనిషిన్నర ఎత్తు కూడా ఉండదు ఆ చూరు. తుంటి విరిగింది. కాకినాడ తీసుకెళ్ళాం, కొన్నాళ్ళకి నడిచాడు గాని మళ్ళీ ఏ కప్పూ ఎక్కలేదు.

అంత పని తెలిసిన మనిషి, అంతా అయిపోయాక, అలసట మీద పడ్డాడు. అందుకే అడుగుతున్నాను, హార్నెస్, అదే తాడు తగిలించడానికి ఒంటికి కట్టుకునే పట్టీ, ఉందా? దాని కొక్కెం ప్లైవుడ్‌కి బిగిస్తే చాలదు, మేకులు కింద వాసంలోకి దిగాలి. మీ దేశంలో కట్టుబడి కూలీలకి 6 అడుగులు దాటితే పడకుండా రక్షణ ఉండాలని చట్టమే ఉంది. సొంతిల్లు కట్టుకునేవాళ్ళని అడిగేవాళ్ళుండరు, కాబట్టి నేనడుగుతున్నాను. నిచ్చెన చూరు పైకి మూడడుగులు నిలవాలి, పైన కట్టెయ్యాలి. మంచు ఆరకముందు ఎక్కొద్దు. మిట్టమధ్యాహ్నం కూడా వద్దు, తారు మెత్తబడి కాలి కింద చెదిరిపోతుంది, నీకు కళ్ళు తిరిగే అలవాటు కూడా ఉంది. పొద్దున్నే ఏదైనా తిని ఎక్కు, కాఫీతో సరిపెట్టకు. అల్లుడుగారు ఇంట్లో లేనప్పుడు ఒక్కదానివే అసలు ఎక్కకు.

అమ్మ మాగాయ, సున్నుండలు పార్సిల్ కట్టింది. అల్లుడుగారి చొక్కా కొలత అడిగింది, మర్చిపోకుండా చెప్పు. కొప్పు వరస వేసే రోజు ఏదో ముందే చెబితే ఇక్కడ అమ్మవారికి కొబ్బరికాయ కొట్టిస్తాను. ఆ రోజు మీరిద్దరూ కిందికి దిగాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేను మేలుకునే ఉంటాను.

నాన్న