పిల్లల పేజీ దాటినవాళ్ళకి ఒక సీరియల్ వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ మీ పేపరే వేయించుకుంటున్నాం. ఆదివారం అనుబంధం ముందు ఎవరు లాక్కోవాలని చిన్నప్పుడు నాకూ మా అన్నయ్యకీ కొట్లాట. పిల్లల పేజీలో చుక్కలు కలిపేదాన్ని, రెండు బొమ్మల మధ్య తేడాలు వెతికేదాన్ని, కథ అమ్మ చేత చదివించుకునేదాన్ని. ఏడో తరగతికి వచ్చేసరికి ఆ పేజీ నాకు చాలకుండా పోయింది. తిప్పి చూస్తే పెద్దవాళ్ళ కథ, అందులో విడాకులో, రిటైరయిన నాన్నగారి ఒంటరితనమో. బాగానే రాసేవాళ్ళు గానీ పన్నెండేళ్ళ పిల్లకి అందులో ఏం పని ఉంటుంది? ఇప్పుడు నాది డిగ్రీ రెండో సంవత్సరం. ఆ రెండు పేజీల మధ్య ఖాళీ ఇంకా అలాగే ఉంది. ఈ ఉత్తరం దాని గురించే, కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ఆ ఖాళీని నేను ఇంగ్లీషు పుస్తకాలతో నింపుకున్నాను. యంగ్ అడల్ట్ ఫిక్షన్ అంటారు, పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళ కోసం, ఎక్కువగా ఆ వయసు వాళ్ళే హీరోలూ హీరోయిన్లుగా రాసే నవలలు. సెమిస్టర్ పరీక్షలు అవగానే ఏమేం చదవాలో అకౌంట్స్ నోట్సు వెనక పేజీలో రాసిపెట్టుకున్నాను. మొదటి పేరు సుజాన్ కాలిన్స్ ‘హంగర్ గేమ్స్’, ఒకళ్ళనొకళ్ళు చంపుకునే పోటీలకి ఏటా పిల్లల్ని పంపే ఒక ఊహాలోకం కథ. ఐదు పుస్తకాలూ మళ్ళీ చదవాలి, కానీ ఈసారి అచ్చయిన వరసలో కాదు, కథ జరిగిన వరసలో. 2008 నుంచి 2010 దాకా మూడు వచ్చాయి, ఇంక అయిపోయిందనుకున్న పదేళ్ళకి 2020లో ఇంకొకటి, 2025 మార్చిలో ‘సన్‌రైజ్ ఆన్ ది రీపింగ్’. 2020 పుస్తకంలో ఉన్నవి పదో ఏటి పోటీలు, 2025 పుస్తకంలోవి యాభయ్యో ఏటివి, మొట్టమొదట వచ్చిన పుస్తకంలోవేమో డెబ్బై నాలుగో ఏటివి. ఈ వరసలో చదివితే, మొదటి మూడింటిలో ఎప్పుడూ తాగి ఉండి అందరినీ విసిగించే హేమిచ్ మనకి ముందే పదహారేళ్ళ కుర్రాడిగా పరిచయమవుతాడు. మామూలుగా ఆ పోటీలోకి పంపేది 24 మంది పిల్లల్ని, అతను వెళ్ళిన ఏడు 48 మందిని పంపారు. మొదటి పుస్తకంలో అతను తాగి స్టేజీ మీంచి కింద పడే చోటు ఒకటుంది, స్కూల్లో చదివినప్పుడు నవ్వాను. కొత్త పుస్తకం చదివాక ఆ పేజీ మళ్ళీ తీసి చూస్తే ఏడుపొచ్చింది.

రెండోది ఫిలిప్ పుల్‌మన్ రాసిన లైరా అనే అమ్మాయి కథ. 1995లో మొదలైంది, చివరి పుస్తకం ‘ది రోజ్ ఫీల్డ్’ 2025 అక్టోబరులో వచ్చింది, అంటే ముప్ఫై ఏళ్ళు! ఆ లోకంలో మనిషి ప్రాణం ఒక జంతువుగా పక్కనే తిరుగుతూ ఉంటుంది. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉందని విని పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. కానీ పుల్‌మన్ దానికొక మెలిక పెట్టాడు. పిల్లల ప్రాణం రూపం మార్చుకుంటూ ఉంటుంది, కాసేపు పిల్లి, కాసేపు సీతాకోకచిలుక, అదే పెద్దయ్యాక ఒక్క రూపంలో నిలిచిపోతుంది. సీఈసీ తీసుకోవాలా ఎంపీసీ తీసుకోవాలా అని పదో తరగతి వేసవంతా టెన్షన్ పడ్డ నాకు ఆ ఒక్క ఊహ ఎంత దగ్గరగా తగిలిందో చెప్పలేను. చివరి పుస్తకాలకి వచ్చేసరికి లైరాకి ఇరవయ్యేళ్ళు, నా ఈడు పిల్లే. అందుకే ఆ ఆఖరిది ఎవరి దగ్గరా తీసుకోకుండా సొంతంగా కొనుక్కుందామని డబ్బులు దాస్తున్నాను.

ఇంతకీ ఈ ఉత్తరం రాయించింది నా లిస్టు కాదు. మా పిన్ని కొడుకు.

వాళ్ళది చోడవరం, వాడు ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకి మా ఇంటికి వచ్చాడు. టెక్స్ట్‌బుక్ ఇంగ్లీషు వాడికి వస్తుంది గానీ నవల ఇస్తే పది లైన్లకే ఆగిపోతాడు. ఒక రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కాం (మా డాబా మీంచి సింహాచలం కొండ మీద లైట్లు కనిపిస్తాయి), ఏమీ తోచక వాడికి ‘హంగర్ గేమ్స్’ కథ చెప్పడం మొదలుపెట్టాను. రీపింగ్ అన్నదాన్ని తెలుగులో ఏమనాలో తెలియక చీటీలు తీయడం అన్నాను. “చీటీల పాట లాగానా అక్కా?” అన్నాడు. కాదురా, ఈ చీటీ ఎవరి పేరు మీద వస్తే వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చంపుకునే చోటికి వెళ్ళాలి, పన్నెండు జిల్లాల నుంచి జిల్లాకో అబ్బాయి, ఒక అమ్మాయి అన్నాను. ఇంట్లో తిండిగింజలూ నూనే ఎక్కువ కావాలంటే పిల్లలు తమ పేరు మీద ఇంకో చీటీ వేయించుకోవాలని చెప్పగానే లేచి కూర్చున్నాడు. “అంటే రేషన్ కోసమా?” అన్నాడు. అవును, ఇల్లు నడపడానికి హీరోయిన్, పదహారేళ్ళ కాట్నిస్, అలా వేయించుకుంటూ పోతే ఆమె పేరు మీద 20 చీటీలయ్యాయి, ఆకలి తనే పడదామని చెల్లెలి చేత ఒక్కటీ ఎక్కువ వేయించలేదు కాబట్టి చెల్లెలి పేరు మీద ఉన్నది ఒకే ఒక్క చీటీ. తీస్తే వచ్చింది చెల్లెలి పేరు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. కరెంటు వచ్చింది, అమ్మ కిందనుంచి అన్నానికి పిలిచింది, వాడు కదల్లేదు.

ఆ తర్వాత సెలవులన్నాళ్ళూ రోజూ రాత్రి అదే పని. బొగ్గు గనుల జిల్లా అంటే సింగరేణి లాంటిదా అని అడిగాడు, కొండ అవతల అడవి అంటే పాడేరు వైపు ఉన్నట్టా అని అడిగాడు. వెళ్ళిపోయే రోజు ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడితే, “తెలుగులో ఉంటే నేనే చదివేద్దును కదక్కా, నువ్వు చెప్పేదాకా ఎదురుచూడ్డం ఏటి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా తాతయ్య దగ్గర దొరికింది. మేం డాబా మీద చెప్పుకునేది విన్నాడట. వాడు వెళ్ళిన మర్నాడు ట్రంకు పెట్టెలోంచి ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టాడు. చందమామలో వచ్చిన దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ ‘శిథిలాలయం’, నెలనెలా ఆ పేజీలు జాగ్రత్తగా విడదీసి, దబ్బనంతో కన్నాలు పొడిచి, తెల్లదారంతో కుట్టి, పైన పాత క్యాలెండర్ అట్ట వేశాడు. అప్పటికి తాతయ్యకి పదమూడేళ్ళు. కాగితం అంచులు టీ రంగుకి తిరిగాయి, చిత్రా గారు వేసిన బొమ్మలు మాత్రం ఇంకా కళగానే ఉన్నాయి. ఒక్కో భాగం చివర, వెనకవైపు వేరే కథేదో మొదలవుతుంది, నాలుగు లైన్లు చదివేసరికి ఆగిపోతుంది, మిగతా పేజీ కుట్టులో లేదు కదా. నేను రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. శిఖిముఖి, విక్రమకేసరి ఇద్దరూ కుర్రాళ్ళే, అడవుల్లో పడి పాడుబడ్డ గుడి వెతుక్కుంటూ పోతారు, ప్రతి భాగమూ ఊపిరి బిగపట్టే చోట ఆగుతుంది. ఇది యంగ్ అడల్ట్ ఫాంటసీ కాకపోతే మరేమిటండీ? 1947లో మొదలైన పత్రిక అది. ‘తోకచుక్క’, ‘మకరదేవత’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, తాతయ్య పేర్లు చెబుతుంటే నేను నోట్సులో రాసుకున్నాను. అంటే అమెరికా వాళ్ళని చూసి మనం కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. మనకి ఉండేది, మధ్యలో ఎక్కడో ఆగింది.

పుస్తకాల కోసం మా వైపు లైబ్రరీకి కూడా వెళ్ళాను. హాలు నిండా గ్రూప్స్‌కీ బ్యాంకు పరీక్షలకీ చదువుకునే అన్నయ్యలూ అక్కలూ ఉన్నారు, కుర్చీ దొరకదు. వాళ్ళకి ఆ చోటు అవసరమే, కాదనను. కానీ మా వయసు కథల పుస్తకాలేవని అడిగితే పిల్లల పుస్తకాల ర్యాక్ చూపించారు, అందులో నాకు దొరికిన ఒక నవల తేదీల చీటీ మీద ఆఖరి ముద్ర 2011. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమందరం కడుతున్నాం, 1960 గ్రంథాలయాల చట్టం కింద. ఆ డబ్బుల్లో ఏటా కొంచెం పక్కన పెట్టి పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ళ వాళ్ళ కోసమని ఒక్క ర్యాక్ విడిగా పెడితే చాలు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు చేస్తారు, వ్యాసరచన పోటీ బదులు ఒక్కరోజు ఏం పుస్తకాలు కావాలో మమ్మల్ని కూర్చోబెట్టి అడగండి. చెబుతాం.

తెలుగులో అసలు ఏమీ రావడం లేదని నేను అనడం లేదు. నా లిస్టులో పి. చంద్రశేఖర ఆజాద్ గారి ‘మాయాలోకం’ ఉంది, 2024లో సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారం వచ్చిన నవల. ఆ పురస్కారం మొదలుపెట్టిన 2010లోనే కలువకొలను సదానంద గారి ‘అడవి తల్లి’కి వచ్చింది, అదీ ఉంది. అవార్డు వచ్చినప్పుడు వార్త వేస్తారు, ఫొటో వేస్తారు, కానీ ఆ పుస్తకంలో కథేమిటి, ఎన్నేళ్ళ వాళ్ళకి నచ్చుతుంది, ఎక్కడ దొరుకుతుంది, ఇది నేను చూసినంతలో ఎవరూ రాయలేదు. టెట్సుకో కురొయనగి గారి జపాన్ పుస్తకం ‘రైలుబడి’ పేరుతో తెలుగులో ఉంది కాబట్టే నాకు ఆరో తరగతిలో దొరికింది, రైలుపెట్టెల్లో నడిచే ఆ బడి కోసం నేను బెంగపెట్టుకున్నాను కూడా. 1981 నాటి ఆ పుస్తకానికి 42 ఏళ్ళ తర్వాత, 2023లో, ఆవిడ తన తొంభయ్యో ఏట కొనసాగింపు రాశారు. అది తెలుగులోకి తెస్తామని ఎవరైనా ప్రచురణకర్త చెబితే ముందుగా డబ్బు కట్టేవాళ్ళలో నేనుంటాను.

పెద్దవాళ్ళు కొందరు అంటారు, ఈ నవలల్లో అన్నీ చావులూ యుద్ధాలే కదా, పిల్లల మనసు పాడవదా అని. బేతాళ కథల్లో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడుస్తూనే కథ వింటాడు, ఆ కథలు వినే కదా మీరంతా పెద్దయ్యారు. భయాన్ని పుస్తకంలో చూడటం వేరు, ఒంటరిగా మనసులో పెట్టుకుని తిరగడం వేరు. మా వయసు వాళ్ళు పేపర్లో కనిపించేది రెండే చోట్ల, ర్యాంకుల ప్రకటనల్లో, ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు వచ్చే ఆ చేదు వార్తల్లో. ఆ రెండిటికీ మధ్య మేం కూడా ఉన్నాం కదండీ, స్నేహితురాలితో మాటలు పోయినవాళ్ళం, ఇంట్లో అప్పుల సంగతి విననట్టు నటించేవాళ్ళం, ఊరు మారి హాస్టల్లో నిద్రపట్టనివాళ్ళం. మా కథ మాకు తెలుగులో చదువుకోవాలని ఉంది.

అందుకని నేను అడిగేది ఒక్కటే. ఆదివారం అనుబంధంలో వారానికి ఒక పేజీ, అందులో పదమూడేళ్ళు దాటిన వాళ్ళ కోసం ఒక సీరియల్. చందమామ నెలనెలా నడిపింది, మీకు ప్రతి ఆదివారమూ చేతిలో ఉంది. పేజీ కింద చిన్న గళ్ళో కొత్త పుస్తకం ఒకటి పరిచయం చేయించండి, ఆ వయసు వాళ్ళ చేతే రాయించండి. రాయలేరనుకోవద్దు. శ్రీశ్రీ గారు ఈ విశాఖలోనే పుట్టారు, 1928లో ఆయన కవితల పుస్తకం ‘ప్రభవ’ వచ్చేనాటికి ఆయనకి పద్దెనిమిదేళ్ళు. అమెరికాలో యంగ్ అడల్ట్ నవలలకి దారి వేసిందని చెప్పుకునే ‘ది అవుట్‌సైడర్స్’ 1967లో వచ్చింది, అది రాసిన ఎస్.ఇ. హింటన్‌కీ అప్పుడు పద్దెనిమిదే, మొదలుపెట్టింది పదిహేనో ఏట. మా కాలేజీలో పుస్తకాలు మార్చుకునే వాళ్ళం తొమ్మిది మందిమి ఉన్నాం, పైసా అడక్కుండా వంతులవారీగా రాసి పంపుతాం, మీరు బాగోలేదంటే తిరగరాస్తాం. మొదటి పరిచయం ‘మాయాలోకం’ మీద నేనే రాస్తాను, పరీక్షలు కానివ్వండి.

మా తమ్ముడు సంక్రాంతికి మళ్ళీ వస్తున్నాడు. రెండో పుస్తకంలో కథ ఎక్కడ ఆపానో మర్చిపోతానని డాబా గోడ మీద సుద్దముక్కతో రాసి వెళ్ళాడు, వానకి చెరిగిపోకముందే నేను నోట్సులోకి ఎక్కించుకున్నాను.

ఇట్లు,
ఒక బీకాం విద్యార్థిని,
గోపాలపట్నం, విశాఖపట్నం