లిఫ్ట్ చేసిన బండికి షాకులు: ఈ నెల నుంచి మా షాపులో మారేవి

అనంతపురంలో మా షాపుకు లిఫ్ట్ పని మీద వచ్చే థార్, జిమ్నీ, గూర్ఖా, బొలెరో బళ్ల ఓనర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి షాక్ అబ్జార్బర్లు మార్చకుండా బండిని ఎత్తు లేపే పని మేం తీసుకోవడం లేదు. స్ప్రింగు దగ్గర పెట్టి ఎత్తు పెంచే దిమ్మెలు (స్పేసర్లు) ఆన్‌లైన్‌లో తెప్పించుకుని "కూలి ఎంతో చెప్పన్నా, బిగించి ఇయ్యి" అని వచ్చినా చేయం. బండిని కొలవకుండా, ఫోన్లో మోడల్ పేరు విని షాకులు ఇవ్వడం కూడా మానేస్తున్నాం. దీంతో కొంత గిరాకీ వేరే షాపులకు పోతుందని తెలుసు. అయినా ఈ నిర్ణయం ఎందుకో వివరంగా రాస్తున్నాను, చదివి ఆలోచించండి.

వాట్సాప్‌లో నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: "రెండంగుళాలు లేపించినా, ఇప్పుడు ఏ కంపెనీ షాకులు వేయమంటావు?" కంపెనీ పేరు చివర్లో తేలే సంగతి. ముందు తేలాల్సింది పొడవు. దాని తర్వాత బండి మీద ఉన్న బరువు, మీరు తిరిగే దారి.

షాకులు మారిస్తే బండి ఎత్తు పెరుగుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. బరువు మోసేది స్ప్రింగు, లేదంటే కమాన్ పట్టీలు. షాకు పని ఆ స్ప్రింగు ఊపును ఆపడం. లోపలున్న ఆయిల్‌ను పిస్టన్ సన్నటి రంధ్రాల్లోంచి తోస్తుంది, ఊపులో ఉన్న శక్తి వేడిగా మారి బయటి గాలిలో కలుస్తుంది. అందుకే గతుకుల్లో తిరిగి వచ్చిన బండి షాకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. కాలుతోందంటే పని చేస్తోందనే అర్థం. నాలుగింట్లో ఒకటి మాత్రం చల్లగా ఉంటే, అనుమానించాల్సింది ఆ చల్లటిదాన్నే.

ఇక పొడవు సంగతి. లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వెనక యాక్సిల్ దగ్గర నిటారుగా ఉన్న షాకు తీసుకుందాం. బండి నేల మీద నిలబడినప్పుడు షాకు పై బోల్టుకూ కింది బోల్టుకూ మధ్య 18 అంగుళాలు ఉందనుకోండి. కంపెనీ షాకు పూర్తిగా సాగితే 22, పూర్తిగా ముడుచుకుంటే 14. చక్రం గుంతలోకి దిగడానికి 4 అంగుళాల చోటు ఉంది. ఇప్పుడు 2 అంగుళాల ఎత్తు స్ప్రింగులు వేసి షాకు పాతదే ఉంచారు. బోల్టుల మధ్య దూరం 20 అయింది. కిందికి దిగే చోటు 2 అంగుళాలే మిగిలింది. వంక దాటేటప్పుడు చక్రం జారాల్సిన చోట షాకు టక్కుమని పట్టేస్తుంది. ఆ చక్రం గాల్లో వేలాడి ఊరికే తిరుగుతుంది, బండి కదలదు. ఎత్తు లేపింది గుట్టలెక్కడానికి, కానీ లేపకముందు ఎక్కిన చోటే ఇప్పుడు ఎక్కదు.

"అయితే బాగా పొడుగు షాకు వేస్తే సరిపోతుంది కదా" అంటారు. పొడుగు షాకు ముడుచుకున్నప్పుడు కూడా పొడుగే. 25 వరకు సాగేది 16 దగ్గరే ఆగిపోతుందనుకోండి. చక్రం మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరు మీ బండికి తగిలేది 14.5 దగ్గర. అంటే రబ్బరు తగలకముందే షాకు లోపలి పిస్టన్ అడుగున గుద్దుకుంటుంది. బండి బరువంతా, దాని వేగంతో సహా, ఒక సన్నటి రాడ్డు మీదా రెండు బోల్టుల మీదా పడుతుంది. ఇలా పోయిన షాకు ఒకటి కోయించి షాపు బెంచీ మీద పెట్టాను, వచ్చినప్పుడు చూడండి. అడుగు వాల్వు రెండు ముక్కలైంది, రాడ్డు చివరి వాషరు వంగింది, మిగిలిన ఆయిల్లో వేలు పెడితే ఇనుప రజను అంటుతుంది. ఆ బండి ఓనర్ "షాకు నాసిరకం" అన్నారు. షాకులో లోపమేమీ లేదు, దాని పొడవు ఆ బండికి సరిపోలేదు.

దీనికి మందు బంప్ స్టాప్‌ను కిందికి దించడం. పై లెక్కలో దాన్ని 2 అంగుళాలు దించి 16.5 దగ్గర ఆగేలా చేస్తే, చక్రం పైకి రావడానికి 3.5 అంగుళాలు దొరుకుతుంది. లిఫ్టుకు ముందు కూడా అంతే ఉండేది. కిందికి మాత్రం 4 బదులు 5 వస్తుంది. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసి మీ చేతికి ఇచ్చిన తర్వాతే ఇకపై ఆర్డర్ పెడతాం. కొలత తీసేటప్పుడు స్ప్రింగు విప్పి, యాక్సిల్‌ను జాకీతో బంప్ స్టాప్ దాకా ఎత్తి ఒకసారి, పూర్తిగా దించి ఒకసారి టేపు పెడతాం. కిందికి దించినప్పుడే బ్రేక్ హోసు బిగుసుకుంటోందా, ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటు ఎక్కడైనా పట్టేస్తోందా, స్ప్రింగు సీటు వదిలేస్తోందా అన్నది కూడా బయటపడుతుంది. షాకు పొడవు పెంచే ముందు హోసు చూడకపోతే, ఏదో ఒక గుంతలో తెగేది ఆ హోసే.

ముందు వైపు కథ వేరు. 2020లో వచ్చిన థార్‌లో ముందు స్ప్రింగు షాకు మీదే కూర్చుంటుంది, ఆ షాకు, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో బిగించి ఉంటుంది, చక్రం దగ్గర కాదు. అందువల్ల పైన పెట్టిన స్పేసరు మందం కంటే చక్రం దగ్గర ఎత్తు ఎక్కువ పెరుగుతుంది. ఒక అంగుళం స్పేసరే కదా అని మందమైనది పెడితే పై ఆర్మ్ బాల్ జాయింటు, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు వాలు తట్టుకోలేని చోటికి పోతాయి. రబ్బరు బూటు చిరుగుతుంది, లోపలికి దుమ్ము పోతుంది, తర్వాత టర్నింగులో టకటకమని శబ్దం మొదలవుతుంది. అంతకుముందు వచ్చిన పాత థార్ ముందు టార్షన్ బార్, అంటే స్ప్రింగు బదులు మెలితిరిగే ఇనుప కడ్డీ ఉంటుంది. దాని బోల్టు తిప్పి ముందు భాగం లేపడం బాగా చవకైన పని, సాయంత్రానికల్లా అయిపోతుంది. కానీ అలా లేపితే కొత్తగా స్ప్రింగు చోటేమీ రాదు. పైకి పోయే చోటు పెరిగినంతా కిందికి దిగే చోటులోంచి తగ్గుతుంది. ఆ పని కూడా ఇక మా దగ్గర లేదు.

జిమ్నీ వాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. ముందూ వెనకా గట్టి యాక్సిల్, కాయిల్ స్ప్రింగులు కాబట్టి లేపడం సులువే. అయితే లేపిన కొద్దీ ముందు యాక్సిల్ కొద్దిగా తిరిగి కాస్టర్ (స్టీరింగ్‌ను నేరుగా నిలిపే వాలు) తగ్గుతుంది, 44వ నంబరు హైవే మీద స్టీరింగ్ అటూఇటూ లాగుతుంది. దాన్ని షాకులతో సరిచేయలేం. "గట్టి షాకులు వేయి, స్టీరింగ్ నిలబడుతుంది" అని అడిగేవాళ్లకు కాస్టర్ సరిచేసే బుష్షులు వేసుకోమని చెప్పి పంపిస్తున్నా.

పొడవు తేలాక బరువు. స్టీలు బంపరు, వించి, పైన క్యారియర్, వెనక పెద్ద స్టెప్నీ, డీజిల్ క్యాన్లు ఇవన్నీ ఎప్పుడూ బండి మీదే ఉంటాయా, లేక ఏడాదికోసారి గండికోట దాకా పోయేటప్పుడే ఎక్కిస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు నిజం చెప్తే మీ డబ్బు చాలా మిగులుతుంది. ఎప్పుడూ బరువుండే బండికి గట్టి స్ప్రింగు కావాలి. గట్టి స్ప్రింగు ముడుచుకుని తిరిగి లేచేటప్పుడు ఎక్కువ బలంగా తంతుంది. ఆ తన్నును ఆపే పని షాకు రీబౌండ్‌ది, అంటే సాగేటప్పుడు షాకు చూపే బిగువుది. పాత రీబౌండ్ చాలకపోతే స్పీడ్ బ్రేకర్ దాటాక బండి రెండు మూడు సార్లు ఊగుతుంది. రీబౌండ్ మరీ బిగువైతే ఇంకో తిప్పలు. వరస గతుకుల్లో స్ప్రింగు ఒక గుంత నుంచి లేవకముందే రెండోది వస్తుంది. బండి అలా కిందికే కుంగిపోయి, చివరికి బంప్ స్టాప్ మీద నడుస్తుంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్లకు గుద్దులు తగులుతాయి కాబట్టి స్ప్రింగు మెత్తబడిందనుకుని ఇంకా గట్టిదానికోసం వస్తారు. నిజానికి అక్కడ కావాల్సింది మెత్తటి రీబౌండ్.

ఖాళీ బండికి బాగా బరువు కోసం చేసిన షాకులు వేయించుకోవద్దు. ఫొటోలో గంభీరంగా ఉంటాయి, ఇంట్లో ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఆ బండి ఎక్కడం మానేస్తారు.

మన జిల్లా దారుల గురించి చెప్పకుండా షాకు రకం గురించి చెప్పలేను. ఇక్కడ ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. హంద్రీ-నీవా కాలువ గట్లు, గాలిమరల సైట్లకు పోయే మట్టి దారులు, తాడిపత్రి వైపు క్వారీ రోడ్లు అన్నీ సన్నటి అలల్లాంటి గతుకులతో మైళ్ల కొద్దీ ఉంటాయి. షాకును చంపేది పెద్ద గుంత కంటే ఈ చిన్న గతుకులే. ఒక్క నిమిషంలో పిస్టన్ వందల సార్లు పైకీ కిందికీ ఆడుతుంది, ఆయిల్ వేడెక్కి పల్చబడుతుంది, పైనున్న గ్యాసుతో కలిసి చిలికిన మజ్జిగలా నురగ కడుతుంది. నురగను పిస్టన్ తోయలేదు, అందులోంచి జారిపోతుంది. ఒక సైట్ ఇంజనీరు తన బండి గురించి చెప్పిన లక్షణం ఇదే: "పొద్దున బాగానే ఉంటుందన్నా, మధ్యాహ్నానికి నీళ్ల మీద పోయినట్టు తేలుతుంది, సాయంత్రం ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలే." ఇలా ఉంటే షాకు ఇంకా చెడిపోలేదు, మీ దారికి అది చాలడం లేదు.

ఇక్కడే ట్విన్ ట్యూబా, మోనోట్యూబా అన్న ప్రశ్న వస్తుంది. మోనోట్యూబ్‌లో ఆయిల్‌ను, నైట్రోజన్ గ్యాసును వేరుచేసే పిస్టన్ ఒకటి విడిగా ఉంటుంది కాబట్టి నురగ కట్టదు. ఒకే గొట్టం కాబట్టి వేడి నేరుగా బయటికి పోతుంది. కానీ పిస్టన్ ఆడేది ఆ గొట్టం గోడకే ఆనుకుని. రాయి ఎగిరి గట్టిగా తగిలి సొట్ట పడితే పిస్టన్ పట్టేస్తుంది, ఇక షాకు పనికిరాదు. ట్విన్ ట్యూబ్‌కు బయటి గొట్టం సొట్ట పడినా లోపలిది చాలావరకు బాగానే ఉంటుంది. అందుకే రోజూ క్వారీల్లో, నాపరాయి గనుల్లో తిరిగే బళ్లకు నేను లావుపాటి ట్విన్ ట్యూబ్ వైపే చెప్తున్నా. అందులోనూ గ్యాసు బదులు ఫోమ్ పెట్టిన ఫోమ్ సెల్ రకం, ఆయిల్ కూడా ఎక్కువ పట్టేది అయితే వేడికి ఓర్చుకుంటుంది. ఐరన్‌మ్యాన్, టఫ్ డాగ్ కంపెనీలు ఇలాంటివి చేస్తాయి. ఓల్డ్ మ్యాన్ ఎము నైట్రోచార్జర్ కూడా ట్విన్ ట్యూబే, గ్యాసుతో. హైవే ఎక్కువ, మట్టి దారి తక్కువ, వేగంగా పోతారు అంటే బిల్‌స్టీన్ లాంటి మోనోట్యూబ్ తీసుకోండి, రోడ్డు మీద పట్టు తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. పక్కన విడిగా డబ్బా ఉండే రిజర్వాయర్ షాకులు రేసు వేగంతో మట్టిలో గంటల కొద్దీ తోలేవాళ్లకు. వారానికోసారి తోటకు పోయివచ్చే బండికి అవి అక్కర్లేదు. వాటిమీద నాకు మిగిలేది ఎక్కువ, అయినా చెప్తున్నా, అక్కర్లేదు.

ఇంకో మాట, కొత్త షాకులకు డబ్బు పెట్టే ముందు మట్టి దారిలో టైర్ల గాలి 20 పీఎస్‌ఐ దగ్గరికి తగ్గించి, నెమ్మదిగా ఒకసారి పోయి చూడండి. సగం గుద్దుడు అక్కడే తగ్గుతుంది. తారురోడ్డు ఎక్కే ముందు మళ్లీ పూర్తిగా గాలి పట్టించాలి, తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు పగులుతుంది.

ఎత్తు విషయంలో 2 అంగుళాలు మించి మేం చేయం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట చూసేది బండికి చేసిన మార్పులనే. కాబట్టి చిన్న లిఫ్ట్ అయినా ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి, ఆర్టీవో ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పి జవాబు తీసుకోండి. ఆ జవాబు వ్యతిరేకంగా వస్తే పని వద్దు, అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాను.

బిగింపులో మేం తప్పకుండా పాటించే పద్ధతి ఒకటి మీకూ తెలియాలి, బయట ఎక్కడ చేయించినా అడగండి. రబ్బరు బుష్షులున్న బోల్టులను బండి లిఫ్టు మీద వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే బుష్షు ఎప్పుడూ మెలిపడిన స్థితిలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. వెయ్యి కిలోమీటర్ల లోపు ఒకసారి తీసుకొస్తే బోల్టులు, ఎలైన్‌మెంట్ ఉచితంగా చూస్తాం. షాకు మీద సన్నటి ఆయిల్ పొర మీద ఎర్రదుమ్ము పట్టి ఉంటే భయం లేదు. సీలు దగ్గర నుంచి కింది దాకా తడి బురదలా జారితే మాత్రం లీకే, ఆ ఫొటో నాకు పంపండి.

ధరల గురించి. బయటి దేశాల నుంచి వచ్చే షాకుల ధర డాలరుతో పాటు కదులుతుంది. మీకు చెప్పిన రేటు అడ్వాన్సు ఇచ్చిన రోజు నుంచి మారదు, ఆ తేడా నేనే భరిస్తాను. సరుకు ఎప్పుడొస్తుందో మాత్రం తేదీ ఇవ్వలేను, వచ్చాకే పనికి రోజు చెప్తాను. అప్పటిదాకా బండి మీ దగ్గరే తిప్పుకోండి. కొలత తీసినందుకు 800 రూపాయలు, మా దగ్గరే షాకులు వేయించుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. కొలత కాగితం తీసుకుని వేరేచోట కొన్నా నాకు అభ్యంతరం లేదు.

కొలతకు వచ్చేటప్పుడు బండిని కడిగి ఖాళీ చేసి తీసుకురావద్దు. రోజూ ఎలా తిరుగుతుందో అలాగే, టూల్ పెట్టె, క్యారియర్, స్టెప్నీ అన్నీ దాని మీదే ఉంచి, డీజిల్ లేదా పెట్రోలు సగం ట్యాంకుకు తగ్గకుండా తీసుకురండి. ఆదివారం సెలవు. మిగతా రోజుల్లో కొలతలు పొద్దున 8 నుంచి 10 వరకే తీస్తాం, ముందురోజు సాయంత్రానికి ఒక మెసేజ్ పెడితే చాలు.