స్ట్రెచర్ మీదొచ్చి ఓటేసిన పెద్దాయన

సంపాదకుడు గారికి నమస్కారం.

అసెంబ్లీ మొదలైతే ఎవరు ఎవర్ని ఏమన్నారో మీ పేపర్లో అర పేజీ వస్తుంది, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో మాత్రం కనపడదు. షిఫ్టు డ్యూటీలో కార్డు పంచింగ్ ఐదు నిమిషాలు లేటయితే టెన్షన్ పడిపోయిన మనిషిని, అందుకే నాకీ హాజరు పిచ్చి.

మొన్న బీచ్ రోడ్డులో వాకింగయ్యాక మా బ్యాచ్‌లో ఇదే గొడవ వస్తే అమెరికాలో విలియం నాచర్ సంగతి చెప్పాను. కెంటకీ రాష్ట్రం, బౌలింగ్ గ్రీన్ ఊరు, డెమోక్రటిక్ పార్టీ. 1954 జనవరిలో ప్రతినిధుల సభలో ప్రమాణం చేసిన దగ్గర్నుంచి 1994 మార్చి దాకా ఒక్క ఓటింగూ తప్పలేదు, కోరం పిలుపులతో (సభలో చాలినంతమంది ఉన్నారో లేదో చూసే హాజరు) కలిపి వరసగా 18,401. ఎన్నికలకి ఎవరి దగ్గరా చందా తీసుకోలేదు, సొంత డబ్బుతోనే పోటీ చేసేవాడు. ఇది చెబితే మావాళ్లు పగలబడి నవ్వారు. కొత్త సభ్యులకి మాత్రం, మొదట్లోనే ఒక ఓటింగ్ ఎగ్గొట్టేయండి, లేకపోతే ఈ బరువు మొయ్యలేరు అనేవాడట.

84 ఏళ్ల వయసులో బెథెస్డా నేవీ ఆసుపత్రిలో ఉండగా, మార్చి మొదట్లో ఆయన్ని స్ట్రెచర్ మీద, సెలైన్ గొట్టాలతో సహా సభలోకి తోసుకొచ్చారు, అలాగే ఓటేశాడు. మర్నాడు రాలేకపోయాడు, లెక్క ఆగింది. నెలాఖరుకి పోయాడు.

"ఏటి బాబూ, మంచం పట్టినోడు రాజీనామా చెయ్యాలి గానీ ఇదేం గొప్ప?" అన్నాడు మా ఫ్రెండు. అదీ నిజమే. పైగా ఈయన వాషింగ్టన్ నగరానికి నిధులిచ్చే సబ్ కమిటీ ఛైర్మన్‌గా, ముందు హైవేలు కట్టండి, తర్వాతే మెట్రోకి డబ్బులు అని ఏళ్ల తరబడి బిగబట్టుకుని కూర్చున్నాడు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా మెట్రో ఎప్పుడొస్తుందా అని చూస్తున్న మనకి ఒళ్లు మండదూ? కానీ సభలో కూర్చునే అడ్డుపడ్డాడు, 1971లో సభలోనే ఓటింగ్ పెట్టి ఆయన్ని ఓడించి మెట్రోకి డబ్బు విడిపించుకున్నారు. అసలు రానివాణ్ణి ఎలా ఓడిస్తాం?

మన రాజ్యాంగం 190వ అధికరణ ప్రకారం, అనుమతి లేకుండా 60 రోజులు సమావేశాలకి రాకపోతే సీటు ఖాళీ అని సభ ప్రకటించొచ్చు. అయితే వరసగా నాలుగు రోజులకి మించి వాయిదా పడితే ఆ రోజులు లెక్కలోకి రావు. మన అసెంబ్లీ ఏడాదికి కూర్చునేదెన్ని రోజులు చెప్పండి, ఆ 60 ఎప్పటికి నిండాలి?

కాబట్టి సమావేశాలయ్యాక ఉమ్మడి విశాఖ జిల్లా ఎమ్మెల్యేలు 15 మంది పేర్లు, సభ జరిగిన రోజులు, వాళ్లొచ్చిన రోజులు ఒక చిన్న బాక్సులో వేయండి. రాశిఫలాల పక్కనైనా సరే, రోజూ చూసే చోటే కదా. సంతకం పెట్టేసి వెళ్లిపోయినవాళ్లకి వేరే గడి ఉంటే ఇంకా సంతోషం.

ఇట్లు,
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం