వెన్నెల్లో ఇంద్రధనస్సు

అమ్మా,

మొన్న ఫోన్ మధ్యలోనే పెట్టేశాను, నువ్వు బాధపడి ఉంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది. ఆఫీసు పని మామూలే.

శనివారం ఇక్కడ కాలిఫోర్నియాలోనే ఉన్న యోసెమిటీ పార్కుకు, అక్కడి పెద్ద జలపాతం చూడటానికి వెళ్లాను. ఒక్కడినే వెళ్లానని కోప్పడకు. ఇప్పుడు వెళ్లకపోతే ఆ జలపాతం అంత నిండుగా మళ్లీ ఏడాది దాకా కనపడదు. మనకు వానలు పడితే జలపాతాలు నిండుతాయి కదా, ఇక్కడ ఎండ కాస్తే నిండుతాయి! చలికాలమంతా కొండల మీద పేరుకున్న మంచు ఏప్రిల్ నుంచి జూన్ దాకా కరిగి దూకుతుంది. 739 మీటర్లు, మూడు అంచెలుగా. వేసవి చివరికి చాలాసార్లు పూర్తిగా ఎండిపోతుందట. మధ్యాహ్నం కరిగిన నీళ్లు అంచు దాకా చేరేసరికి గంటలు పడుతుంది, అందుకని రాత్రయ్యేకొద్దీ హోరు పెరిగింది.

పౌర్ణమి చూసుకునే వెళ్లాను. వెన్నెల తుంపర మీద పడితే ఇంద్రధనస్సు వస్తుంది. కంటికి మాత్రం తెల్లగా, పాలిపోయిన విల్లులా ఉంటుంది, అంత తక్కువ వెలుతురులో మన కళ్లకు రంగులు ఆనవు. కెమెరాకు ఆనతాయి. ట్రైపాడ్ మీద పెట్టి 15 సెకన్లు తెరిచి ఉంచాలి. లెన్స్ తుడిచి చెయ్యి తీసేలోపే మళ్లీ చుక్కలు. రుమాలు తడిసిపోయింది, చివరికి కోటు లోపల చొక్కా అంచుతో తుడిచాను. ఎన్నో ఫోటోలు మచ్చలతో పాడయ్యాక ఒకదాంట్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ విడివిడిగా వచ్చాయి. తెర మీద అది చూడగానే "నాన్నా, ఇది చూడండి" అంటూ పక్కకు తిరిగాను. ఎవరో తెలియనాయన ఉన్నాడు. కాసేపు ఏమీ తోచలేదు.

నీళ్ల అంచుకు వెళ్లానేమో అని టెన్షన్ పడకు. కింది వంతెన మీదే నిలబడ్డాను, దానికి రెయిలింగ్ ఉంది. కొందరు తడి బండలెక్కుతున్నారు. నేను వాటి జోలికి పోలేదు, నీ మీద ఒట్టు. మంచు నీళ్లు కదా, కాలు జారితే ఈత వచ్చినా లాభం లేదని నాకు తెలుసమ్మా.

ఫోటోల్లో నువ్వెక్కడరా అని ఎప్పుడూ అడుగుతావు. ఈసారి ఒక పెద్దావిడను అడిగి తీయించుకున్నాను. జుట్టు తడిసి నుదుటికి అతుక్కుంది, చిక్కిపోయాననుకోకు. అది నీకు. రంగులది నాన్నగారికి, పెద్దగా ప్రింట్ తీయించి పంపుతున్నాను.

ఆయన మోకాలి రిపోర్టు వచ్చిందా? అక్కను అడిగితే మాట దాటేసింది. నువ్వైనా ఉన్నదున్నట్టు చెప్పు.

నీ
చిన్నోడు