ఆరేళ్ల పాప పుట్టినరోజు కానుక, రెండేళ్ల పాపకు పంపిన బ్యాటరీ బొమ్మ గురించి ఫిర్యాదు

గుంటూరు,
2 జనవరి 2025

గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదుల అధికారి) గారికి,

విషయం: డిసెంబరు 5న పెట్టిన మూడు గిఫ్టు ఆర్డర్లు ఆలస్యంగా, కలిపి, మార్చి పంపడం, చిన్నపిల్లకు ప్రమాదకరమైన బొమ్మ పంపడం.

అయ్యా / అమ్మా,

డిసెంబరు 5న మీ సైటులో మూడు గిఫ్టు బాక్సులు ఆర్డరు పెట్టాను. మూడూ విశాఖపట్నంలో ఉంటున్న మా అన్నయ్య కూతుళ్లకి. నేను వాళ్ల మేనత్తను. పెద్దదానికి డిసెంబరు 18తో ఆరేళ్లు నిండాయి. చిన్నదానికి రెండేళ్ల మూడు నెలలు. ప్యాకింగుతో కలిపి రూ. 4,370 ముందే కట్టేశాను. ఆర్డర్ నంబర్లు, బిల్లు, ఫోటోలు, మీ వాళ్లతో జరిగిన చాట్ అన్నీ ఈ లేఖకు జతచేశాను.

ఇద్దరు పిల్లలకి మూడు బాక్సులెందుకో ముందు చెప్పాలి. అది తెలియకపోతే నా బాధేమిటో మీకు అర్థం కాదు.

మా పెద్దది క్రిస్మస్‌కి సరిగ్గా వారం ముందు పుట్టింది. దాంతో చుట్టాలంతా ప్రతి ఏడూ "రెండిటికీ కలిపి" అంటూ ఒక గౌనో, ఒక బొమ్మో చేతిలో పెడతారు. వాళ్లని అనడానికేం లేదు. మా ఇళ్లలో డిసెంబరంటే ఖర్చుల నెల. ఇంటికి రంగులు, గుమ్మానికి స్టార్, కేకు, పిండివంటలు, అందరికీ కొత్త బట్టలు. కానీ పోయినేడు పండగ రోజు ఆ పిల్ల నా ఒళ్లో కూర్చుని, వేళ్లు లెక్కపెట్టి అడిగింది: "అత్తా, చెల్లికి పుట్టినరోజుకొకటి, క్రిస్మస్‌కొకటి. నాకేమో రెండూ కలిపి ఒకటేనా?" ఏడుస్తూ కూడా అడగలేదు. లెక్క తప్పిందేమో అన్నట్టు మామూలుగా అడిగింది. ఈసారి పుట్టినరోజుకి పుట్టినరోజు కానుకే వస్తుందని ఆరోజే మాటిచ్చాను.

అందుకే నవంబరు నుంచీ వెతికాను. పెద్దదానికి బొమ్మలు గీయడమంటే ప్రాణం. పాత క్యాలెండర్ల కాగితాలు తీసుకెళ్తే వెనకవైపంతా నింపేస్తుంది. దానికని పుట్టినరోజుకి నీటిరంగుల సెట్, మందపాటి డ్రాయింగ్ కాగితాలు, మూడు సైజుల బ్రష్షులు ఎంచుకున్నాను. క్రిస్మస్‌కి చెక్కముక్కలతో పశువుల పాక కట్టుకునే సెట్. చిన్నదానికి ఒకదానిమీద ఒకటి పేర్చుకునే చెక్క రింగుల బొమ్మ. అది ఇంకా ఏది దొరికినా నోట్లో పెట్టుకునే వయసు. నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి, విడిపోకూడదు, బ్యాటరీ అసలే ఉండకూడదు. ఈ మూడూ చూసుకునే కొన్నాను.

పుట్టినరోజు బాక్సుకి పసుపురంగు కాగితం ఎంచుకున్నాను. సూచనలు రాసే చోట తెలుగులో, ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను: "ఇది పుట్టినరోజు కానుక. క్రిస్మస్ కాగితం చుట్టొద్దు. 17వ తేదీలోపు చేరాలి." మిగతా రెండు 23కి చేరితే చాలన్నాను. ఆ తేదీలు మీ సైటు ఇచ్చినవే. వాటిలోంచే నేను ఎంచుకున్నాను.

17న బాక్సు రాలేదు. యాప్‌లో చూస్తే "ప్యాకింగ్ జరుగుతోంది" అని ఉంది. 18 పొద్దున చాట్‌లో అడిగితే మీ ప్రతినిధి ఇచ్చిన జవాబు ఇది: "మూడు ఆర్డర్లూ ఒకే అడ్రసుకి కాబట్టి కలిపి పంపుతున్నాం." ఎవరినడిగి కలిపారు? మూడిటికీ విడివిడిగా డెలివరీ చార్జీ కట్టాను కదా! ఆ సాయంత్రం మా అన్నయ్య ఆఫీసు నుంచి వస్తూ వీధి చివర ఫ్యాన్సీ షాపులో ఒక స్కెచ్ పెన్నుల ప్యాకెట్ కొని "అత్త పంపింది" అని ఇచ్చాడు. వీడియో కాల్‌లో పిల్ల నాకు థాంక్స్ చెప్పింది. నేను పంపని కానుకకి థాంక్స్ చెప్పించుకున్నాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నంతసేపూ అదే గుర్తొచ్చింది.

24 సాయంత్రం ఒకే అట్టపెట్టె వచ్చింది. నేను రాత్రి రైలెక్కి 25 ఉదయం చేరాను. ఆరాధన అయ్యి, భోజనాలయ్యాక పిల్లల ముందు పెట్టె విప్పాం. మూడు పొట్లాలకీ ఒకటే ఎర్రకాగితం, దానిమీద క్రిస్మస్ చెట్లు. మూడు కార్డుల మీదా "మెర్రీ క్రిస్మస్". పైనే ధరలతో సహా బిల్లు. ధర కనబడకూడదని దానికోసం ఉన్న గడిలో టిక్కు పెట్టాను, ఆ ఫోటో కూడా జతచేశాను. పెద్దది రంగుల సెట్ పట్టుకుని వాళ్లమ్మని అడిగింది: "ఇది కూడా క్రిస్మస్‌దేనా?"

ఇంతవరకే అయ్యుంటే డబ్బులు వెనక్కి అడిగి ఊరుకునేదాన్ని. చిన్నదాని పొట్లంలో ఉన్నది చూశాకే ఈ లేఖ రాస్తున్నాను.

చెక్క రింగుల బదులు అందులో మెరుస్తూ పాట పాడే ప్లాస్టిక్ గొర్రెపిల్ల ఉంది. "మీరు కోరినది స్టాకు లేనందున సమాన విలువ గల వస్తువు పంపాం" అని చీటీ. ఫోను లేదు, మెసేజీ లేదు. మీ సైటులో ఈ గొర్రెపిల్ల "1–3 ఏళ్లు" విభాగంలో ఉంది. బొమ్మ అట్ట కింద మాత్రం గోరంత అక్షరాల్లో "3 ఏళ్లు దాటిన వారికి" అని ఉంది. మీ పేజీ ఒకటి చెబితే, మీ డబ్బా ఇంకొకటి చెబుతోంది.

గొర్రెపిల్ల పొట్ట కింద బ్యాటరీల గది ఉంది. దానికి స్క్రూ లేదు, నొక్కితే ఊడే మూత. మా చిన్నది చాపమీద కూర్చుని బొమ్మని తిరగేసి ఆ మూతని బొటనవేలి గోటితో పీకింది. మూత టక్కుమని ఎగిరింది. మెరిసే చిన్న బ్యాటరీ బిళ్లలు జారి పడ్డాయి. పాట ఆగిపోయిన చప్పుడుకే నేను తల తిప్పి చూశాను. గదిలో మూడు బిళ్లలకి చోటుంది. చాపమీద రెండే కనిపించాయి.

నేను పదకొండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, అందులో నాలుగేళ్లు చెవి, ముక్కు, గొంతు వార్డులోనే. బటన్ బ్యాటరీ మింగిన పిల్లని కళ్లారా చూశాను. ఎక్స్‌రేలో అది మొదట రూపాయి బిళ్లలాగే కనిపిస్తుంది. పరీక్షగా చూస్తే అంచు లోపల ఇంకో గీత, రెండు వలయాల్లా ఉంటుంది. అది చూడగానే వార్డంతా పరుగులు పెడుతుంది. రూపాయి బిళ్లయితే కాస్త ఆగొచ్చు, దీనికి ఆగడానికి వీల్లేదు. అన్నవాహికలో ఇరుక్కుంటే అక్కడి తడికి కరెంటు పారి, దాన్నుంచి పుట్టే క్షారం కండను కాల్చేస్తుంది. రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిపోవచ్చు. మొదట్లో పిల్ల ఏడవకపోవచ్చు, దగ్గకపోవచ్చు, ఎప్పట్లా ఆడుకుంటూనే ఉండొచ్చు. అన్నిటికన్నా భయం అదే.

కాబట్టి ఆ మధ్యాహ్నం నాకేం గుర్తొచ్చి ఉంటుందో మీరే ఊహించుకోండి. పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాను. మా వదిన చాప ఎత్తి దులిపింది. అన్నయ్య సోఫా జరిపి, క్రిస్మస్‌కని ఇంట్లో పెట్టిన పశువుల పాకలో పరిచిన గడ్డి అంతా తీసి వెతికాడు. పెద్దది భయపడి ఓ మూల నిలబడిపోయింది. ఇంక వెతకొద్దు, ఎక్స్‌రేకి పోదాం పద అని ఆటో పిలవబోతుంటే, చంకనెత్తుకున్న చిన్నదాని కొత్తగౌను కుచ్చుల్లోంచి ఆ మూడో బిళ్ల నా కాలిమీద పడింది. పది నిమిషాలు కూడా అయ్యుండదు. వదిన అక్కడే కింద కూలబడి ఏడ్చేసింది.

తర్వాత ఆ బొమ్మనీ అట్టనీ తిప్పితిప్పి చూశాను. ఐఎస్ఐ ముద్ర ఎక్కడా లేదు. లైసెన్సు నంబరు ఉంటే, ఆ ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూద్దామనుకున్నాను, అదీ లేదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అన్న సంగతి బొమ్మల వ్యాపారంలో ఉన్న మీకు తెలియకుండా ఉండదు. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతివృత్తి కళాకారుల బొమ్మలకు, జీఐ (ఒక ఊరికో ప్రాంతానికో ప్రత్యేకమని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది. చిన్నదాని మొదటి పుట్టినరోజుకి నేను ఏటికొప్పాక లక్కబొమ్మలు కొన్నాను. అంకుడుకర్రని తిప్పి, చెట్ల రంగులు కలిపిన లక్క పూసి చేసేవి. వాటికి ఆ మినహాయింపు వర్తిస్తుంది. మీ గొర్రెపిల్ల ఫ్యాక్టరీలో పోతపోసిన ప్లాస్టిక్. దానికి ఏ మినహాయింపూ లేదు. బటన్ బ్యాటరీల గది పనిముట్టు లేకుండా పిల్లల చేతికి తెరుచుకోకూడదన్నది బొమ్మల భద్రతలో మొదట చూడాల్సిన విషయం. పావలా ఖరీదు చేసే స్క్రూ ఒక్కటి బిగించి ఉంటే సరిపోయేది.

ఈసారి కూడా ఏటికొప్పాక బొమ్మే కొనేదాన్ని. డిసెంబరులో నాకు రెండు రోజులు కలిపి సెలవు దొరకదు. పిల్లల వయసునిబట్టి ఎంచి పంపుతామని మీరు రాసుకున్న మాట నమ్మాను. దూరాన ఉన్న మేనత్తలు, మేనమామలు, బాబాయిలు, పిన్నులు మీ దగ్గర కొనేది ఆ మాట మీదే. బొమ్మని చేత్తో పట్టి చూసే వీలు మాకుండదు. మీరు రాసిన వయసే మాకు ఆధారం.

26న ఇదంతా చాట్‌లో రాశాను. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని, రూ. 200 కూపను ఇచ్చారు. ప్యాక్ విప్పిన బొమ్మలకు రిటర్న్ లేదన్నారు. విప్పకుండా లోపల వేరే బొమ్మ ఉందని ఎలా తెలుస్తుంది? నేను అడిగిన వస్తువు కాక వేరేది పంపినప్పుడు వెనక్కి తీసుకోం అనడానికి ఆన్‌లైన్ అమ్మకాలకు వర్తించే 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఒప్పుకోవు. ఆ కూపను నేను వాడను.

నాకు కావలసినవి చెబుతాను. చిన్నదాని బొమ్మకి, ఆలస్యమైన పుట్టినరోజు బాక్సుకి కట్టిన డబ్బు, మూడు ప్యాకింగుల చార్జీ, రెండు అదనపు డెలివరీల చార్జీ నా ఖాతాకి తిరిగి రావాలి. పెద్దదాని పాక సెట్ బాగుంది. దానికి డబ్బు అడగను.

అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఆ గొర్రెపిల్లని ఈరోజే అమ్మకం ఆపండి. ఈ సీజన్లో ఎంతమందికి పంపారో వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి. బ్యాటరీలు వెంటనే తీసేయమని, బిళ్ల కనిపించకపోతే పిల్ల బాగానే ఉన్నా సరే ఆసుపత్రికి తీసుకెళ్లమని ప్రతి ఒక్కరికీ మెసేజి పంపండి. తెలుగువాళ్లకి తెలుగులో పంపండి. డబ్బు పది రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇది మాత్రం ఆలస్యం చేయొద్దు. పంపిన మెసేజి నకలు నాకు కావాలి. స్టాకు లేనప్పుడు కొన్నవాళ్లని అడగకుండా బొమ్మ మార్చబోమని కూడా రాసివ్వండి.

ఆ ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. 48 గంటల్లో మీ నుంచి కబురు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. తర్వాత గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి.

బొమ్మని పారేయలేదు. మూడు బిళ్లలకీ రెండువైపులా టేపు అంటించి, బొమ్మతోపాటు స్టీలు డబ్బాలో పెట్టి మా అన్నయ్య బీరువా పైఅరలో ఉంచాను. మీ మనిషి వచ్చి పట్టుకెళ్లొచ్చు. సాయంత్రం ఆరు దాటాక రమ్మనండి. రసీదు రాసిచ్చాకే డబ్బా ఇవ్వమని అన్నయ్యకి చెప్పాను.

ఇట్లు,
డిసెంబరు 5 నాటి మూడు ఆర్డర్లు పెట్టిన మీ కస్టమరు,
గుంటూరు