డూ ఎక్కడ పెట్టాలిరా అంటే...

ఏరా, ఎలా ఉన్నావ్?

మీ అమ్మాయి ఇంగ్లీషు ప్రశ్న 'డజ్ హి వర్క్స్ హియర్?' అని రాస్తే టీచర్ ఎర్రగీత కొట్టారనీ, ఎందుకో నీకూ అంతుపట్టలేదనీ రాశావు. అందులో తప్పల్లా 'వర్క్స్' చివరి 'స్' ఒక్కటే.

మనకి ప్రశ్న వేయడం ఎంత తేలికో చూడు. 'పనిచేస్తాడు' చివర దీర్ఘం తీస్తే 'పనిచేస్తాడా' అయిపోతుంది. మాటల వరుస కదలదు. ఆ అలవాటుతోనే 'యూ లైక్ కాఫీ?' అని గొంతు లేపి ఊరుకుంటాం. కబుర్లలో చెల్లుతుంది గానీ పరీక్షలో చెల్లదు. మన దీర్ఘం చేసే పని అక్కడ 'డూ' చేస్తుంది, అదీ మొదట్లో కూర్చుని: 'డూ యూ లైక్ కాఫీ?'

హి, షి, ఇట్ వస్తేనే తంటా. 'హి వర్క్స్'లో ఉన్న 'స్' వాక్యం మొత్తానికీ ఒక్కటే. 'డూ' రాగానే దాన్ని లాక్కుని 'డజ్' అయి కూర్చుంటుంది, క్రియకి ఏమీ మిగలదు. 'గోస్' మళ్ళీ 'గో', 'స్టడీస్' మళ్ళీ 'స్టడీ', 'హ్యాజ్' మళ్ళీ 'హ్యావ్'. అమ్మాయి చేత ముందు 'హి వర్క్స్ హియర్' రాయించి, 'స్' రబ్బరుతో చెరిపించు. ఆ తర్వాతే ముందు 'డజ్' పెట్టించు. అన్నట్టు, పలకడం 'డజ్' అనే, 'డోస్' కాదు.

ఈజ్, ఆర్, క్యాన్‌లకి డూతో పనిలేదు, అవే ముందుకొస్తాయి: 'ఈజ్ షి టయర్డ్?'

'ఎక్కడ' లాంటి మాట వస్తే మనం దీర్ఘం వదిలేస్తాం, 'ఎక్కడ ఉంటుంది?' అంటాం. అందుకే 'వేర్ షి లివ్స్?' అని నోటికొస్తుంది. ఇంగ్లీషులో డూ ఎక్కడికీ పోదు: 'వేర్ డజ్ షి లివ్?'

'హూ' దగ్గర మాత్రం మన విభక్తే దారి చూపిస్తుంది. 'నీకు ఎవరు ఫోన్ చేస్తారు?' అంటే 'హూ కాల్స్ యూ?', డూ వద్దు. 'నువ్వు ఎవరికి చేస్తావు?' అంటే 'హూ డూ యూ కాల్?' ఎవరు అయితే డూ లేదు, ఎవరికి, ఎవరిని అయితే ఉంది. 'కావాలి', 'ఇష్టం' లాంటి మాటల దగ్గర మాత్రం ఈ చిట్కా బెడిసికొడుతుంది. 'నీకు ఎవరు కావాలి?' అన్నా అక్కడ 'హూ డూ యూ వాంట్?' అనే.

ఇప్పుడు 'మీ నాన్న ఎన్నింటికి లేస్తారు?' అన్నది రాయించి చూడు. 'లేస్తారు' అన్నాం కదా అని 'డూ' పెడుతుందేమో! ఇంగ్లీషులో నీకు ఆ బహువచనం దక్కదురా: 'వాట్ టైమ్ డజ్ యువర్ ఫాదర్ గెట్ అప్?'

ఉంటాను మరి. ఏం రాసిందో తిరుగు ఉత్తరంలో పంపు.